పళ్ళ సిస్టరు

మొన్న డుంబ్రిగుడ సంతలో రాజ్మా బేరమాడుతూ మాస్కు కిందికి లాగాను. జలుబు నాది, ఊరందరికీ పంచడమెందుకని కట్టుకున్నాను గానీ, మాస్కులోంచి అడిగితే ఎవరూ ధర దించరు. గింజలు కొలుస్తున్న ముసలామె చేతిలో డబ్బా అలాగే ఆగిపోయింది. నా నోటివైపే చూసి, "పళ్ళ సిస్టరమ్మవి కాదేటి? ఇన్నాళ్ళూ ఎక్కడికెళిపోనావు?" అంది.

పళ్ళ సిస్టరు మా పిన్ని. అమ్మకి ఆఖరి చెల్లెలు, నాకంటే నాలుగేళ్ళే పెద్ద. మా ఇంటి ఆడవాళ్ళకి ముందుపళ్ళు మనిషికంటే కాస్త ముందే గుమ్మం దాటుతాయి. ఒకటి రెండు పెళ్ళి సంబంధాలు వాటివల్లే తప్పాయని పిన్ని కృతజ్ఞతగా చెప్పుకునేది. మైదాన ప్రాంతం నుంచి ఇక్కడి కొండమీది ఆసుపత్రికి నర్సుగా వచ్చాక ఆ పళ్ళే ఆవిడకి గుర్తింపు కార్డు. చుట్టుపక్కల గూడేల్లో ఆవిడ పేరు ఎవరికీ తెలీదు, ఆ నవ్వు కనిపిస్తే మాత్రం సూదికి చెయ్యి చాపేవాళ్ళు.

కరోనా వచ్చి ఆ నవ్వుకి ముసుగేసింది. తలనుంచి కాళ్ళదాకా తెల్లటి సూటు, కళ్ళద్దాలు, మాస్కు. అలాంటి ఆకారాలు చుట్టూ చేరి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టబోతే, ఊపిరందక రొప్పుతున్న ఓ ముసలామె దాన్ని పీకి పారేసిందట. పళ్ళ సిస్టరు వస్తేనే అని పట్టు. పిన్ని ఎదురుగానే నిలబడి "నేనేనవ్వా" అంటోంది. మాస్కులోంచి గొంతు కూడా ఆవిడది కాదాయె. ఆఖరికి మాస్కు దించి నవ్వింది. ముసలామె ఆ మొహమ్మీదే దగ్గి, తనూ నవ్వి, గొట్టం పెట్టించుకుంది.

ఫోన్లో ఇదంతా చెప్పి పిన్ని ఒకటే నవ్వు. "బుద్ధుందా నీకు?" అన్నాను. "ఒక్క నిమిషమేనే గుంటా. ముసలిది గాలి తీసుకుందా లేదా, అది సెప్పు."

కొద్దిరోజులకే అదే వార్డులో పిన్నికీ గొట్టం పెట్టారు. ఎవరి దగ్గర అంటిందో ఎవరు చెప్పగలరు? ఆవిడ డ్యూటీలో అందరూ దగ్గేవాళ్ళే. పిన్ని గొట్టం పీకలేదు, గొడవ చెయ్యలేదు, చెప్పినట్టే విన్న రోగి. అయినా దక్కలేదు.

"ఆ పొద్దు నువ్వు నవ్వబట్టే గదా గాలెట్టించుకున్నాను," అంటోంది సంతలో ముసలామె. "బదిలీ చేసేసినారేటి?"

"అవునవ్వా."

"దూరమా?"

"దూరమే."

కొలిచిన గింజల మీద రెండు గుప్పిళ్ళు అదనంగా పోసి, "అక్కడోళ్ళకీ నవ్వు సూపెడతన్నావా?" అంది. జలుబు గుర్తొచ్చి రెండడుగులు వెనక్కి జరిగాను. మాస్కు పైకి లాక్కోవాలి. ఆమె చూస్తున్నంతసేపూ లాక్కోలేకపోయాను.

పిన్ని వయసు ఆ ఏడాదే ఆగిపోయింది. నాది ఆగకుండా ఆవిణ్ణి దాటి వచ్చేసింది. ఇప్పుడు నేనే పెద్దదాన్ని, పిన్నీ అని పిలవాల్సింది మాత్రం ఇంకా నేనే.