ముసలివాళ్ళ నాట్యం

పోయిన నెల మంచు మీద జారిపడి చీలమండ విరిగితే డాక్టరుగారు చేతికర్ర వాడమన్నారు. దాని మీద వాలి హాల్లో అడుగులు వేస్తుంటే మా అమ్మాయి నా వెనకే నడుం వంచి, లేని కర్రను పట్టుకుని వణుకుతూ నడిచింది. నాకు కోపం రాలేదు కానీ, ఈ దేశం వచ్చిన కొత్తలో గడిపిన, ఎవరితోనూ పెద్దగా చెప్పని ఎడ్మంటన్ రోజులు గుర్తొచ్చి కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.

మన పిల్లలు చదువులకని విమానాల నిండా దిగుతున్న ఏళ్ళవి. నేను వరంగల్లులో టీచరు ఉద్యోగం మానేసి, ముప్పై దాటాక అక్కడి కాలేజీలో చేరినదాన్ని కనుక, బేస్‌మెంటులో నాతో ఉండే అమ్మాయిలందరికీ అక్కనయ్యాను. తెల్లవారుజామున వేర్‌హౌసులో ప్యాకింగు, అక్కడినుంచి క్లాసులు, మధ్యలో బస్సులో కునుకు. ఆ రోజుల్లో వచ్చినవారికి ఆ కునుకు ఎలాంటిదో నేను చెప్పనక్కర్లేదు.

ప్యాకింగు లైనులో నా పక్కన మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పనిచేసేది. ఆవిడా, భర్తా ఒక చర్చి కింది హాల్లో చిన్న నాటక బృందం నడిపేవారు. వాళ్ళ ప్రాంతపు ముసలివాళ్ళ నాట్యమంటే ఆ బృందానికి ప్రాణం. గులాబిరంగు బుగ్గలతో, బోసినోటితో నవ్వే ముసుగులు, రిబ్బన్లు వేలాడే టోపీలు, నేల మీద టకటకలాడే చెక్క చెప్పులు వేసుకుని, ముందు దగ్గుతూ, కర్రలూతంగా వంగి వస్తారు. ఫిడేలు జోరందుకోగానే ఉన్నట్టుండి కుర్రవాళ్ళలా చిందులేస్తారు. ఆ ఏడాది భర్తకు ఆయాసం ఎక్కువై ఆడలేనన్నాడు. ప్రదర్శన ఆగిపోతే మళ్ళీ చూస్తానో లేదోనని ఆయన బెంగ. నేను చిన్నప్పుడు కోలాటం ఆడానని ఏదో మాటల్లో అన్నందుకు ఆవిడ నన్ను ఆయన స్థానంలోకి రమ్మంది. కాదనలేకపోయాను.

బేస్‌మెంటులో గుంటూరమ్మాయి నవ్వింది. "నీకు యాక్టింగ్ ఎందుకక్కా, షిఫ్ట్ నుంచి డైరెక్ట్‌గా వెళ్ళి నిలబడు చాలు."

అచ్చం అలాగే జరిగింది. శనివారం మధ్యాహ్నం ప్రదర్శనకు షిఫ్టు నుంచే వెళ్ళాను. ఆ నాట్యంలో ఒక ముసలివాడు కూలబడితే మిగతావాళ్ళు కర్రలతో పొడిచి లేపుతారు. ఆ కూలబడే వేషం నాదే. పడ్డాను గానీ లేవలేకపోయాను. కాళ్ళు నావి కానట్టయిపోయాయి. జనం పడీపడీ నవ్వుతున్నారు, ముసుగులో నాకు ఏడుపు ఆగడం లేదు. తనూ ముసలి వేషంలో ఉన్న పెద్దావిడ నా మీదికి వంగి, లేవగలవా అని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

"అయితే పడుకో. మేమూ కూర్చుంటాం," అంది.

మూలుగుతూ నా పక్కన చతికిలబడింది. మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు కర్రలు పక్కన పెట్టి కూర్చున్నారు, ఒకరైతే గురక కూడా మొదలుపెట్టారు. ఫిడేలు వాయించే ఆయన సంగతి గ్రహించి, పాటను జోలపాటలా నెమ్మది చేశాడు. నేను కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాను. ఆ నెలల్లో అంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదేమో. చివరికి ముందు వరసలోంచి ఆవిడ భర్త, ముసుగు లేని అసలు ముసలాయన, నెమ్మదిగా వేదికెక్కి నాకు చెయ్యి అందించాడు. నన్ను లేపి, తానూ నాలుగడుగులు టకటకలాడించి, ఆయాసంతో నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. అదంతా నాటకంలోదే అనుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. ఆవిడ చెల్లెలి దగ్గరికని మెక్సికో వెళ్ళిపోయింది. ఒకటి రెండు సార్లు ఫోన్లో మాట్లాడుకున్నాం, తర్వాత అదీ లేదు. నాకు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చి, ఉద్యోగం దొరికి, ఈ రిచ్‌మండ్ హిల్ ఊళ్ళో స్థిరపడ్డాను. ఇప్పుడు నిలబడి చేసే పని కాదు, ఒంట్లో బాగోకపోతే సెలవు పెట్టుకోవచ్చు, అయినా అలసట ఎక్కడికీ పోలేదు. ఈ వీధిలో సాయంత్రానికి అందరం అలిసిపోయే వస్తాం. చేతులూపుకుంటాం. గ్యారేజీ తలుపులు మూసుకున్నాక ఎవరు ఎలా ఉన్నారో ఎవరికీ తెలియదు.