ఆ చుక్క తప్పు నాదేనండీ

నరసరావుపేటలో మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఇంద్రజ మేడంకి ఒకటే జబ్బు. తప్పు ఎవరు చేసినా సిగ్గు ఆవిడ పడుతుంది.

వినుకొండ బస్సు ఆలస్యమైతే స్టాండులో నిలబడ్డవాళ్ళకి ఆవిడ క్షమాపణ చెబుతుంది. ప్రిన్సిపాల్ గోపాలకృష్ణయ్యగారు మీటింగులో కునుకు తీస్తే ఆవిడ తల దించుకుంటుంది. ఓసారి హోటల్లో సర్వరు నా చొక్కా మీద సాంబారు ఒలకబోశాడు. వాడు నోరు తెరిచేలోగా పక్క బల్ల దగ్గర్నుంచి ఈవిడ లేచొచ్చి, తప్పయిపోయింది మాస్టారూ అంది. పర్లేదులెండి మేడం అని ఆ సర్వరే ఆవిణ్ణి క్షమించి వెళ్ళిపోయాడు.

నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. స్టాఫ్ రూములో పక్క కుర్చీ కావడంతో నాకూ కాస్త నక్షత్రాల గొడవ అంటింది. మేడం, కొత్తగా చేరిన లెక్చరరు ఆదిల్ కలిసి ఒక నక్షత్రాల జంటను వెతుకుతుండేవారు. ఆ జంటలో ఒకటి చచ్చిపోయిన నక్షత్రమట. బతికున్నదాని వాయువును లాక్కుంటుంటే అక్కణ్ణుంచి ఎక్స్‌రే కిరణాలు పుడతాయట. ఎక్స్‌రే టెలిస్కోపు ఫలానా చోట అని వేలు చూపిస్తుంది. అది లక్షల నక్షత్రాలు కిక్కిరిసిన గుంపు కావడంతో, మామూలు ఫోటోలో ఆ వేలి కిందే బోలెడు చుక్కలుంటాయి. కోటప్పకొండ తిరునాళ్ళ ఫోటోలో జేబుదొంగను పట్టుకోవడం లాంటిదని ఆదిల్ నాకు వివరించాడు. ఆ పోలిక తెచ్చినందుకు మేడం కొండవైపు తిరిగి లెంపలేసుకుంది.

కొన్నాళ్ళకి ఆదిల్ చుక్క దొరికిందన్నాడు. ఎక్స్‌రే ఫోటో, మామూలు ఫోటో రెండూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో మళ్ళీ చూడమని మేడం నా ఎదుటే చెప్పింది. ఆదిల్ ఆగలేదు. కాలేజీలో సభ పెట్టారు. మాచర్లలో మోటార్లు బాగుచేసే అతని తండ్రి మీరా సాహెబ్ కొత్త చొక్కా వేసుకొచ్చి ముందువరసలో కూర్చున్నాడు. ఆదిల్ తన చుక్కను తెరమీద చూపించాడు. పూణే నుంచి వీడియోలో చూస్తున్న శాస్త్రవేత్త మెల్లగా అడిగాడు, ఫోటోలు కొంచెం జరిగినట్టున్నాయి, మీరు చూపించేది పక్క నక్షత్రమేమో అని.

ఆదిల్ మొహం పాలిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మీరా సాహెబ్ చొక్కా గుండీ తడుముకుంటూ నేల చూపులు చూశాడు.

ఇంద్రజ మేడం లేచింది. "తప్పు నాదేనండీ. సరిచూడాల్సింది నేను."

హాలు తేలికపడింది. ఈవిడేలే అనుకున్నారందరూ. టీలొచ్చాయి, సభ ముగిసింది. మీరా సాహెబ్ ఆవిడ దగ్గరికెళ్ళి, "బాధపడమాకమ్మా, మావోడున్నాడుగా, సరిచేస్తాడు" అని ఓదార్చి మరీ బస్సెక్కాడు.

మర్నాడు ఆదిల్ స్టాఫ్ రూములో తలెత్తలేకపోయాడు. "మళ్ళా చూడమన్నారు గదా మేడం, నేనే ఇన్లేదు. మీరెందుకట్టా మీదేసుకున్నారు?"

"నేను తప్పు చేశానంటే ఎవరూ గుర్తు పెట్టుకోరు నాయనా. నీ తప్పంటే మీ నాన్న మాచర్ల దాకా మోసుకుపోతాడు."

ఆవిడ సిగ్గుపడ్డప్పుడల్లా నవ్వినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఆదిల్ ఊరుకోలేదు. తండ్రికి ఫోన్ చేసి నిజం చెప్పాడు. పూణేకి రాశాడు. ప్రిన్సిపాల్ గదిలో అందరి ముందూ తప్పు తనదేనన్నాడు, మేడం చేసింది కూడా చెప్పాడు. అందరూ మెచ్చుకుంటుంటే ఆవిడ ఎటు చూడాలో తెలీక గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది.

ఆ వారమే ఇద్దరూ ల్యాబులో కూర్చుని ఫోటోలు మొదటినుంచీ అమర్చారు. పాత చుక్క పక్కనే, కనపడీ కనపడనట్టు, నీలంగా ఇంకోటి బయటపడింది. వేర్వేరు రాత్రుల్లో తీసిన ఫోటోల్లో దాని వెలుగు మారుతోంది, వాళ్ళు వెతికే జంటకి అదే గుర్తట. ఆదిల్ కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. ఇంకోసారి చూడమంటారా మేడం అని అడిగాడు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని చానాసేపు చూసింది.

"చూశాం గదా. ఇంక చెప్పు," అంది. "ముందు మీ నాన్నకి చెప్పు."