దేవదారు తొట్టిలో నువ్వుల నూనె

మనుషులు గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూస్తే చాలు, వాళ్ళేమిటో సరోజనకు తెలిసిపోయేది. వంగి, రెండూ జతచేసి పక్కన పెట్టేవాళ్ళు కొందరు. కాలితో కాలిని తొక్కి ఊడదీసి, ఒకటి అటూ ఒకటి ఇటూ పోయినా వెనక్కి చూడకుండా లోపలికి నడిచేవాళ్ళే ఎక్కువ. ఆ చెప్పులన్నీ ఏరి, ఇసుక దులిపి, ముక్కులు వాకిలివైపు తిప్పి వరసగా పెట్టడం ఆమె ఉద్యోగంలో మొదటి పని. పెడుతూ పెడుతూ ఒక్కొక్కరికీ మనసులో మార్కులు వేసేది. జగిత్యాల దగ్గర ప్రైవేటు బడిలో ఆరేళ్ళు లెక్కలు చెప్పిన అలవాటది. పదికి నాలుగు దాటినవాళ్ళు ఎప్పుడో గాని కనపడేవారు కాదు.

కెనడా తూర్పు తీరాన ఉన్న హాలిఫాక్స్ నుంచి కారులో గంటన్నర పోతే, సముద్రపు ఒడ్డున రాళ్ళగుట్ట మీద ఉంటుంది ఆ జపాను సత్రం. యజమానురాలు తోమీకోకు డెబ్బై దాటాయి. లాబ్‌స్టర్లు పట్టే కెనడా ఆయన్ని పెళ్ళాడి ఈ ఒడ్డుకు వచ్చింది. ఆయన పోయాక ఉన్న ఇంటినే తమ దేశపు పద్ధతిలో సత్రంగా మార్చుకుంది. ఎనిమిది గదులు. నేలంతా చాపలు. మంచాలు ఉండవు, సాయంత్రం పరుపులు పరిచి పొద్దున్నే మడిచి బీరువాలో పెట్టాలి. ఆడవాళ్ళకో స్నానాల తొట్టి, మగవాళ్ళకో తొట్టి, కుటుంబంతో వచ్చినవాళ్ళకు విడిగా సముద్రంవైపు కిటికీ ఉన్న చిన్న తొట్టి. ఆ చిన్నది అచ్చంగా దేవదారు చెక్కతో చేయించింది. నీళ్ళు సముద్రానివి, వేడి బాయిలరుది. “కాచిన సముద్రపు నీరు” అని తోమీకో గుమ్మంలోనే పెద్ద అక్షరాలతో రాయించింది. వచ్చినవాళ్ళు సరిగ్గా ఆ బోర్డు పక్కనే నిలబడి ఫోటో దిగి, భూమిలోంచి పొంగే వేడినీటి ఊటలో మునిగి వచ్చామని ఫోన్లలో చాటింపు వేసుకునేవాళ్ళు. చదువుకున్న వాళ్ళే. ఎదురుగా ఉన్న నాలుగు మాటలు చదవరు.

తోమీకోకు మాత్రం సరోజన మార్కులు వేయలేదు. ఆవిడ పొద్దున్నే తొట్టి నిండగానే నీళ్ళకు ఒకసారి తలవంచి దణ్ణం పెట్టేది. మొదటిరోజు అది చూసి సరోజన చేతులు తమంతట తామే జోడించుకున్నాయి. శనివారం ఈ పిల్ల నీచు ముట్టదని గమనించి, ఆ రోజు చారు చేపపొడి కలపకుండా వేరే గిన్నెలో కాచి మూతపెట్టి ఉంచేది. ఒకరు అడిగిందీ లేదు, ఒకరు చెప్పిందీ లేదు.

అది 2023. హాలిఫాక్స్‌లో ఏ కాఫీ కొట్టుకు పోయినా కౌంటరు వెనక మన పిల్లలే ఉన్న రోజులు. సరోజన కూడా అంతకు నాలుగేళ్ళ ముందు అలాగే వచ్చింది, ముప్ఫైఏళ్ళు దగ్గర పడ్డాక, హోటలు నిర్వహణలో డిప్లొమా చేయడానికి. చదువు అయింది, ఈ సత్రంలో పని దొరికింది, రెండేళ్ళు గడిచాయి. ఇక మిగిలింది ప్రావిన్స్ నామినేషన్, అంటే ఇక్కడే స్థిరపడనివ్వమని ఆ రాష్ట్ర ప్రభుత్వం చేసే సిఫారసు. దానికి యజమాని సంతకం పెట్టిన ఉత్తరం కావాలి. దీపావళి తరవాతి శుక్రవారమే అప్లై చేయడానికి ఆఖరు. అది దాటితే వర్క్ పర్మిట్ గడువు ముగిసేలోపు మరో దారి లేదు, పెట్టె సర్దుకోవడమే. “సోమవారం సంతకం చేస్తాను” అంది తోమీకో. ఆవిడ సోమవారం అంటే సోమవారమే.

అంతకు ముందు శనివారం మధ్యాహ్నం డాక్టర్ కేశవరావు గారు భార్య శకుంతలతో దిగారు. గుండె డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. సరోజన ఆయన్ని గుమ్మంలోనే గుర్తుపట్టింది. వినాయకచవితినాడు హాలిఫాక్స్‌లో తెలుగువాళ్ళు హాలు అద్దెకు తీసుకుని పూజ చేసినప్పుడు, మైకు పట్టుకుని పావుగంటసేపు “ఈ స్టూడెంట్లు వచ్చాక మన పరువు పోయింది” అని ఉపన్యసించిన పెద్దమనిషి ఆయనే. ఆనాడు వడ్డనలో నిలబడింది స్టూడెంట్లే. ఇప్పుడు ఆయన బూట్లు ఒకటి గొడుగుల బుట్టలో, ఒకటి చాప అంచున పడ్డాయి.

“ఇండియాలో ఎక్కడ?” అని ఇంగ్లీషులో అడిగాడు.

“జగిత్యాల దగ్గర సార్.”

“ఓ. స్టూడెంటా!” మళ్ళీ ఇంగ్లీషే. అన్నంలో రాయి తగిలినట్టు పలికాడు ఆ మాటను.

“తెలుగమ్మాయివా? ఎంత చక్కగా ఉన్నావే తల్లీ! భోంచేశావా?” అంది శకుంతల, సరోజన చేతిలో బరువైన సంచీని వెనక్కి లాక్కుంటూ. “ఇటివ్వు, నేను మోస్తాలే. నీ నడుం విరుగుతుంది.”

సరోజన స్నానాల గది చూపించింది. “ఈ పీట మీద కూర్చొని, ఒళ్ళంతా సబ్బుతోని కడుక్కున్నంకనే తొట్ల దిగాలె సార్. తొట్లకు సబ్బుగాని నూనెగాని పోవద్దు. చెక్క పీల్చుకుంటది.”

కేశవరావు నవ్వాడు. “నాకు చెబుతున్నావా? జపాన్ మూడుసార్లు వెళ్ళొచ్చాను.”

ఆ సత్రంలో ఒక కట్టుబాటు ఉంది. తొట్టిని ఎవరు సిద్ధంచేస్తే వాళ్ళ పేరు చెక్కిన చిన్న బిళ్ళ ఆ గది తలుపుకు వేలాడుతుంది. బిళ్ళ తలుపున ఉన్నంతసేపూ ఆ నీళ్ళకు వాళ్ళదే పూచీ. మర్నాడు నరక చతుర్దశీ, దీపావళీ ఒకే రోజున వచ్చాయి. డాక్టరు దంపతులు పొద్దున ఆరుగంటలకు చిన్న తొట్టి అడిగారు. తెల్లవారుజామునే సరోజన నీళ్ళు నింపి, దణ్ణంపెట్టి, తన బిళ్ళ తగిలించి వంటింట్లోకి వచ్చేసరికి శకుంతల చిన్న సీసాతో నిలబడి ఉంది.

“నరక చతుర్దశి తలంటు కదమ్మా. ఎక్కడున్నా ఈయనకు మానిపించలేదు నేను. ఈ నూనె కాస్త వెచ్చచేసి పెడతావా? మీ పొయ్యి ముట్టుకోవచ్చో లేదోనని అడుగుతున్నా.”

నువ్వుల నూనె వేడెక్కుతుంటే వంటిల్లంతా ఆ కమ్మటి వాసన నిండిపోయింది. సరోజన గిన్నె దింపి ఇవ్వగానే శకుంతల వేలు ముంచి, ఆమె మాడున మూడు చుక్కలు పెట్టి, అరచేత్తో అద్దింది. “పండగపూట నీ తల పొడిగా ఉండకూడదు. చల్లగా ఉండు.”

సరోజన మాడును వేళ్ళతో తాకి చూసుకుంది. “ఆంటీ, నూనంతా పోయేదాంక పీట మీదనే సున్నిపిండితోని రుద్దుకొని కడుక్కోమనుండ్రి సార్‌ను. తొట్ల దిగకముందే” అంది.

“అలాగేనమ్మా. నేను చెబుతాగా.”

ఏడున్నరకు సరోజన తలుపు తీసి చూసింది. నీళ్ళమీద రంగురంగులుగా నూనె తెట్టు. అడుగున సున్నిపిండి బురద. దేవదారు అంచుమీద తల ఆనించినంత మేరా నల్లటి జిడ్డుమచ్చ, దాని రెండు పక్కలా రెండు అరచేతులు. ఎండాకాలం మడుగులోంచి లేచిపోయిన గేదె కూడా ఇంతకన్నా శుభ్రంగా వదిలివెళుతుంది. వేలితో గీకితే చెక్కలోంచి నూనె ఊరింది.

ఫలహారాల దగ్గర తోమీకో వచ్చి నిలబడింది. చేతిలో సరోజన పేరు బిళ్ళ ఉంది. నూనె సంగతి ఏమిటని మర్యాదగానే అడిగింది.

కేశవరావు తొణకలేదు. “మీ పనమ్మాయే స్వయంగా వెచ్చచేసి ఇచ్చింది” అన్నాడు ఇంగ్లీషులో, నాప్కిన్‌తో మూతి తుడుచుకుంటూ. “తప్పయితే చెప్పాలి కదా? మాకేం తెలుసు? ఈ స్టూడెంట్లను ట్రైనింగ్ లేకుండా పెట్టుకుంటే ఇంతే.”

అప్పటికి శకుంతల గదిలో జుట్టు ఆరబెట్టుకుంటోంది.

“నూనె నువ్వే కాచావా?” అంది తోమీకో.

కాచింది. అది నిజం. మిగతా నిజమంతా గొంతుదాకా వచ్చింది గాని, అతిథి ముందు యజమానురాలితో వాదించడం ఆ ఇంట్లో లేదు. మాడున నూనె ఇంకా తడిగానే ఉంది. “అవును” అంది సరోజన.

తోమీకో బిళ్ళను బల్లమీద బోర్లించింది. “అయితే రేపు ఉత్తరం లేదు” అని లోపలికి వెళ్ళిపోయింది.

సరోజన పళ్ళేలు తీస్తుంటే డాక్టరుగారికి మొదటిసారి తెలుగు వచ్చింది. “చూడమ్మాయ్, వాదన పెట్టుకోకుండా ఒప్పుకున్నావు, బుద్ధిమంతురాలివి. ఉత్తరమేదో అంటోంది, ఇమ్మిగ్రేషన్‌దేనా? నేనిస్తాలే. మన అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద. నా సంతకానికి ఇక్కడ విలువుంది.”

సరోజన పళ్ళెం కింద పెట్టింది. “ఏమని రాస్తరు సార్? చవితినాడు పులిహోర వడ్డించిందని రాస్తరా? మీరు రెండుసార్లు ఏపిచ్చుకున్నరు. రెండుసార్లూ నా మొఖం దిక్కు చూడలె.”

“ఏయ్, ఏమిటా మాటలు!”

“మీ విలువ మీ దగ్గర్నే ఉంచుకోండ్రి. అది నాకు పనికిరాదు.”

“ఏమైందండీ?” శకుంతల తడిజుట్టుతోనే వచ్చి నిలబడింది. ఎవరూ చెప్పకముందే బల్లమీద బోర్లించిన బిళ్ళను, సరోజన మొహాన్ని, మొగుడి మొహాన్ని మార్చి మార్చి చూసింది. సరోజన నాలుగు ముక్కల్లో చెప్పింది. ఉత్తరం సంగతి, శుక్రవారం సంగతి.

శకుంతలకు కెనడాలో నలభైఏళ్ళు. ఇంగ్లీషు బాగానే వచ్చు. కోపం మాత్రం ఇంకా తెలుగులోనే వచ్చేది.

“మాకేం తెలుసన్నారా? నిన్న ఈ పిల్ల చెప్పింది. పొద్దున వంటింట్లో చెప్పింది. పీట దగ్గర నేను చెప్పాను. ‘వేడినీళ్ళలో నానితే నూనె బాగా ఇంకుతుంది, డాక్టర్ని నాకు తెలీదా’ అని దబ్బున దూకింది ఎవరు? పైగా జపాన్ మూడుసార్లు వెళ్ళారట! మూడుసార్లూ విమానం మారడానికి ఎయిర్‌పోర్టులో కూర్చున్నాం. నేనూ పక్కనే ఉన్నాగా! కప్పు నూడుల్స్ తిని కునికారు. జపాన్ అంతటితో సరి!”

గోల విని తోమీకో తిరిగి వచ్చింది. “ఆవిడ ఏమంటోంది?” అని సరోజనను అడిగింది.

కేశవరావు చేతిలో టీకప్పు పెదవి దగ్గరే ఆగిపోయింది. సరోజన ఇంగ్లీషులో చెప్పింది, ఒక్కో మాటా. నిన్న ఏం చెప్పిందో, పొద్దున ఏం చెప్పిందో, డాక్టరుగారు తొట్టిలోకి ఎలా దిగారో. ఎయిర్‌పోర్టు సంగతి మాత్రం చెప్పలేదు. దయ తలచి కాదు. ఆ మనిషి కోసం అంత మాటను ఇంకో భాషలోకి మోసుకెళ్ళడం దండగనిపించింది.

తోమీకో బల్లమీది బిళ్ళను చేతిలోకి తీసుకుంది. “చెప్పావు” అంది. “అయినా కాచావు.”

“అవును.”

“తొట్టిలో నూనె వాసన పోవాలి. శుక్రవారం లోపల.”

కేశవరావు వెంటనే సామాను సర్దుకుని కారులో కూర్చున్నాడు. శకుంతల మాత్రం చీర కుచ్చెళ్ళు బొడ్డున దోపి చిన్న తొట్టిలోకి దిగి, సరోజన పక్కన గొంతుక్కూర్చుని జిడ్డు తోమింది. బయట హారన్ మోగింది. “మోగనీ” అంది. మళ్ళీ మోగింది. “రోగుల్ని ఇంతకన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టేవారు ఈయన” అని ఇంకో పావుగంట తోమి, సరోజన గడ్డం పుణికి వెళ్ళింది.

తరవాతి నాలుగురోజులూ సరోజన ఒక్కతే. తోమీకో గుడ్డ మూటల్లో కట్టిన తవుడు తెచ్చి ఇచ్చింది. వాళ్ళ దేశంలో చెక్క తోమేది దానితోనేనట. తవుడు చూసి సరోజన నవ్వింది. వాళ్ళ ఇంట్లో బర్రెలకు పెట్టేది అదే. రుద్దడం, మరిగే నీళ్ళు పోయడం, వదిలేయడం, ముక్కు చెక్కకు ఆనించి వాసన చూడడం. మంగళవారానికి మచ్చ పోయింది, వాసన పోలేదు. బుధవారం మోచేతులు కొట్టుకుపోయాయి. సాయంత్రం చూస్తే తన పరుపు పక్కన చిన్న మలాము డబ్బా ఉంది. ఎవరు పెట్టారో అడగలేదు. గురువారం వాసన పోయిందో, తన ముక్కే మొద్దుబారిందో తెలియలేదు.

శుక్రవారం పొద్దున తొట్టి నింపి, దణ్ణంపెట్టి, పేరు బిళ్ళ తలుపుకు తగిలించింది. తోమీకో తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. సరోజన ఉత్తరమూ కలమూ పట్టుకుని బయట నేలమీద కూర్చుంది. విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. నూనె వాసన గుర్తొచ్చి నడుమ రెండుసార్లు నామాలు తప్పిపోయాయి, రెండుసార్లూ మళ్ళీ మొదటికి వచ్చింది.

తలుపు తెరుచుకుంది. తోమీకో మొహం వేడికి ఎర్రగా కంది ఉంది. గుమ్మంలో నిలబడి తన ముంజేతిని ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి పీల్చింది. రెండో చెయ్యి కూడా పీల్చింది.

“కలం” అంది.

గోడకు ఆనించి సంతకం చేసింది. జుట్టులోంచి నీటిచుక్క జారి తేదీ మీద పడింది. అంకెలు కొంచెం అలుక్కుపోయాయి. సరోజన కాగితం మీదికి వంగింది.

“ఇంకో కాగితం తేనా అమ్మా?”

తోమీకో కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. “చదవడానికి వస్తోంది. ఆరబెట్టి పంపు” అంది. “తరవాత మగవాళ్ళ తొట్టి కడుగు. ఆలస్యమైంది.”

సరోజన కిటికీ దగ్గర నిలబడి, సముద్రపు గాలికి కాగితం ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకుని, ఆ ఒక్క చుక్క ఆరేదాకా ఊదుతూ ఉంది.