టోపీ కింద దాగిన వేలు

కాజాలమ్మకు మొగుడి మీద అనుమానం పుట్టింది. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ రాని అనుమానం, చూపు పోయాక వచ్చింది. ఆయనగారు తనకు నవల ఉన్నదున్నట్టు చదివి వినిపించడం లేదు.

ఇద్దరిదీ ఒకే దుకాణం. దర్జీలు పంపిన చొక్కాలకు ఆవిడ చేత్తో కాజాలు కుట్టేది, ఆయన ఇస్త్రీ చేసి మడతపెట్టేవాడు. ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. పని ముగించి నవల పట్టిందంటే ఇక లోకం పట్టేది కాదు. కంటి నరాలు దెబ్బతిని అక్షరాలు అలుక్కుపోయాక పుస్తకం ఆయన చేతికి మారింది. ఆయన చదవడం బాగానే చదువుతాడు. కాకపోతే ఈమధ్య చదివి వినిపించిన ఓ పడవవాడి నవలలో, జబ్బుపడిన అతని భార్య ఉన్నట్టుండి రైలెక్కి చెల్లెలింటికి వెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టే, మళ్లీ రాలేదు.

“మంచం దిగలేని మనిషి రైలెలా ఎక్కిందయ్యా?”

“ఏమో, రాసినవాణ్ని అడుగు,” అన్నాడాయన గొంతు సవరించుకుని.

ఆ పుస్తకం తనే చదివి తీరాలని ఆవిడ పంతం పట్టింది. తడిమి చదివే చుక్కల లిపి నేర్పే బడి పక్క వీధిలోనే ఉంది. అక్కడి మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. ఆయన మొదట అక్షరాల జోలికి పోనివ్వలేదు. గిన్నెలో కలిపి పోసిన బొత్తాలను సైజువారీగా ఏరమన్నాడు. గరుకు కాగితాలను తడిమి వరసగా పేర్చమన్నాడు. దారానికి ఎక్కడెక్కడ ముళ్లున్నాయో చెప్పమన్నాడు.

“చేతికి కసరత్తమ్మా ఇది. ముందు వేలు మేలుకోవాలి,” అనేవాడు.

బొత్తాలు ఆవిడకు కొట్టిన పిండి. చుక్కల దగ్గరికొచ్చేసరికే కథ అడ్డం తిరిగింది. బట్ట నాణ్యం చూసే అలవాటుకొద్దీ కాగితాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపేసేది. పాపం చుక్కలన్నీ అణిగిపోయేవి.

“మీటరెంత అని అడిగేలా ఉన్నారే! కొనడానికి కాదమ్మా, చదవడానికి,” అని నవ్వేవాడు మాస్టారు.

నలపడం మానేసినా లాభం లేకపోయింది. ఏళ్ల తరబడి సూదిపోట్లు తిని చూపుడువేళ్లు రెండూ కాయకాచి మొద్దుబారాయి. చుక్కలన్నీ కలిసి ఒకటే బొడిపెలా తగిలేవి. ఇక తన వల్ల కాదని ఇంటికొచ్చి చెప్పింది.

“పోనీలేవే, నేను లేనూ చదవడానికి?” అన్నాడు మొగుడు. ఆ గొంతులో ‘హమ్మయ్య’ వినిపించి ఆవిడకు ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ బడికి వెళ్లింది.

ఆ రోజు మాస్టారు ఆవిడ వేళ్లన్నీ ఒక్కొక్కటే తడిమి, కుడిచేతి మధ్యవేలి దగ్గర ఆగాడు.

“ఇదేంటమ్మా, ఇదొక్కటీ పసిపిల్ల వేలిలా ఉంది?”

ఆవిడకు నవ్వాగలేదు. సూదిని తోసేటప్పుడు గుచ్చుకోకుండా ఆ వేలికి రోజంతా ఇత్తడి టోపీ ఉండేది. పోట్లన్నీ టోపీ తింటే లోపల వేలు దొరసానిలా కూర్చుంది.

“ఇన్నాళ్లూ సుఖపడింది మాస్టారూ. ఇక దీంతో చాకిరీ చేయించండి,” అంది.

దొరసానికి బద్ధకం వదలడానికి చాలా కాలమే పట్టింది. బొత్తాలు, గరుకు కాగితాలు, ముళ్లు మళ్లీ మొదటికొచ్చాయి. నొక్కకుండా, తగిలీ తగలనట్టు వేలు జరపడం పట్టుబడింది. అక్షరాలు మాటలయ్యాయి. చివరికి బడి బీరువాలోంచి పడవవాడి నవలను, దిండంత లావు చుక్కల పుస్తకాన్ని, ఇంటికి తెచ్చుకుంది.

ఆయన ఇస్త్రీ చేస్తున్నాడు. ఆవిడ చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, వేలు వెనక్కి జరిపి, అదే వాక్యం మళ్లీ చదివింది.

“చచ్చిపోయిందిగా! నువ్వు రైలెక్కించావు.”

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది.

“చదవడానికి నోరు రాలేదే. నువ్వు ఏడుస్తావని.”

“నా ఏడుపేదో నన్ను ఏడవనివ్వొచ్చుగా!”

అంటూనే ఏడ్చేసింది. కొంత కోపంతో, చాలావరకు ఆ పడవవాడి భార్య కోసం. తనివితీరా ఏడ్చాక ముఖం తుడుచుకుని, పేజీ తడవకుండా వేళ్లు కూడా పొడిగా తుడుచుకుంది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

“తర్వాత వాడేమయ్యాడే?”

“నీకు తెలీదూ?”

“అక్కడే మూసేశా. మిగతాదంతా నేను అల్లి చెప్పిందే.”

ఆవిడ కోపం ఎటు పోయిందో పోయింది. ఆ చావు దగ్గర ఇన్నాళ్లూ ఒక్కడే కూర్చుండిపోయాడన్నమాట. దగ్గరికి జరిగి, వేలిని తర్వాతి వరస మీద ఆనించింది.

“విను మరి. ఒక్క ముక్క కూడా వదలను,” అంది.