టీవీ మీద సున్నం చుక్క

వెంకటసుబ్బమ్మ గారికి సముద్రమంటే పడదు. సముద్రమే లేని ఈ కన్నడ సీమలో, గోరేబాళలో కూర్చుని కూడా దాని మీద నిఘా మానదు. పెళ్లయిన కొత్తలో మామగారు నిజాంపట్నం వైపు పొలం అమ్మి ఇక్కడ కాలవ కింద భూమి కొంటే, ఉప్పుగాలి పీడ విరగడైందని అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆవిడే. అయినా ఏటా వరికోతల వేళకి ఆంధ్రా వార్తల చానల్ పెట్టి, తుపాను బొమ్మ ఎటు తిరుగుతోందో చూస్తుంది. నా ఎరువుల కొట్టు వాళ్ల కల్లానికి ఎదురుగానే కనుక, అక్కర్లేకపోయినా ఆ సంగతులన్నీ నాకూ తెలుస్తాయి.

ఈసారి కోత మిషన్ వచ్చి వెళ్లింది. సోనా వడ్లు కల్లం నిండా పరిచి ఉన్నాయి, పచ్చి ఇంకా పోలేదు. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం. కిందటేడు ఇలాగే వాన పడి మొలకలొస్తే మిల్లువాళ్లు మొహం తిప్పుకున్నారు. మళ్లీ తడిస్తే, సొంత భూమికి తోడు కౌలుకి తీసుకున్న చేను వదులుకోవలసిందే.

ఆవిడ తయారీ చూడాలి. వడ్ల మీద కప్పడానికి ఇంటింటికీ తిరిగి బరకాలు అరువు తెచ్చింది, వాటి అంచుల మీద పెట్టడానికి రాళ్లు ఏరించింది, నా కొట్లో ఖాళీ సంచులన్నీ అడక్కుండానే పట్టుకుపోయింది. అవి నేను ఇంకొకరికి మాటిచ్చిన సంచులు. ఆ ముక్క చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కల్లం పక్క వసారాలో ఉన్న టీవీ తెర మీద, నిజాంపట్నం దగ్గర సున్నంతో ఓ చుక్క పెట్టి, కూలికొచ్చే యల్లేశ్‌కి పాఠం కూడా చెప్పింది. తుపాను ఆ చుక్కకి కింద, నెల్లూరు వైపు తీరం దాటితే నేరుగా మన మీదికొచ్చి కురుస్తుంది. చుక్క దగ్గర దాటితే పైకి, తెలంగాణ వైపు పోతుంది.

"అంటే చుక్క మీదికొస్తె మన వడ్లు బచాయించుకున్నట్టేనా అమ్మా?" అన్నాడు యల్లేశ్.

"అంతేరా."

"ఆ చుక్క కాడ ఎవరుంటరు?"

ఆవిడ ఓ రాయి తీసి బరకం అంచు మీద పెట్టింది. "మా చెల్లెలు," అంది.

మర్నాడు చెల్లెలు మాణిక్యానికి ఫోన్ చేసింది. వెంకటసుబ్బమ్మ గారికి చెవులు మందం, ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే. కల్లంలో పనివాళ్లు, కొట్టు అరుగు మీద నేను, అందరం విన్నాం. మాణిక్యం గొంతు వెనకాల రేకులు దడదడలాడుతున్నాయి. గేదెల పలుపులు విప్పేశామని, కప్పుకి మోకులు కట్టామని, బియ్యం మూటతో బడికి పోతున్నామని చెబుతోంది.

"గాలి ఎటునుంచే?" అంది అక్కగారు.

"ఈశాన్యం నుంచి. కొబ్బరి చెట్లు నేలకి వంగుతున్నాయి. మా మీదే దాటేట్టుందక్కా."

"అమ్మయ్య," అంది వెంకటసుబ్బమ్మ గారు.

అనాలని అనలేదు, ఊపిరిలో కలిసి వచ్చేసింది. కల్లంలో పారలు ఆగాయి. నేను లేని ఈగని తోలుకున్నాను. ఆవిడ గబగబా పిల్లలు జాగ్రత్త, కొవ్వొత్తులున్నాయా, మందులు పెట్టుకున్నావా అని మొదలుపెట్టింది. "ఉంటానక్కా, బండి వచ్చింది," అంది మాణిక్యం.

తుపాను చుక్క దగ్గరే దాటింది. గోరేబాళలో మబ్బు మూసుకొచ్చి, ఒక్క చినుకైనా రాల్చకుండా వెళ్లిపోయింది. తర్వాత కాసిన ఎండకి వడ్లు కొరికితే టిక్కుమనేలా ఆరాయి. మాణిక్యం ఫోన్ మాత్రం మోగలేదు. వెంకటసుబ్బమ్మ గారు అన్నం దగ్గర కూడా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చునేది. చివరికి మోగినప్పుడు, చాటుగా మాట్లాడదామని గొడ్ల చావిట్లోకి నడిచింది. స్పీకర్ అక్కడా అంతే గట్టిగా పలికింది.

మాణిక్యం ఏడవలేదు. కప్పు పోయింది, ఒక గేదె దొరికింది, ఒకటి దొరకలేదు, కోయని చేను నీళ్ల కింద ఉంది. అన్నీ బజారు కబుర్లలా చెప్పేసి, "మీ వడ్లు తడవలేదు కదక్కా?" అని అడిగింది.

వెటకారమేమోనని చెవులు రిక్కించాను. కాదు. వెటకారమే అయితే బాగుండేది.

"తడిశాయే," అంది వెంకటసుబ్బమ్మ గారు. "కుప్పంతా తడిసింది."

"అయ్యో, నువ్వు దిగులు పెట్టుకోకక్కా," అంటూ చెల్లెలే ఓదార్చడం మొదలుపెట్టింది.

ఫోన్ పెట్టేశాక ఆవిడ చావిట్లోంచి నీళ్ల బిందె ఎత్తుకొచ్చి, ఆరిన కుప్ప మీద కుమ్మరించింది. యల్లేశ్ బిందె లాక్కోబోయాడు. "ఏందమ్మా గిది? ఎండిన వడ్ల మీద నీళ్లు పోస్తరా?"

అతను గొణుక్కుంటూ తడిసినంత మేరా చేటతో పక్కకి తీసి, పలచగా పరిచాడు. ఎండ బాగా కాస్తోంది. పొద్దు వాలేలోపు అవీ ఆరిపోయాయి.