ప్లైవుడ్ గోడకు అవతల

నేను తిరుపతిలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. నవ్వితే బీపీ తగ్గుతుందని మా సారు ఎక్కడో విని, రోజూ సాయంత్రం మా అందరినీ నిలబెట్టి, చేతులు పైకెత్తించి పకపకా నవ్వించేవారు.

ఒకరోజు అలా నవ్వుతుండగా వాచ్‌మన్ మునెప్ప పరుగున వచ్చాడు. "మెల్లగ సార్. పక్కాఫీసులో సంతాపసభ జరగతా ఉండాది. వాళ్ల ఓనరు నాయన పోయినాడంట."

మధ్యలో ఉన్నది ప్లైవుడ్ గోడ. అందరి నవ్వూ ఆగింది, నా పక్క సీటు సుజాతది తప్ప. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

"లైట్లార్పి, చప్పుడు చేయకుండా వెళ్లిపోదాం" అన్నారు సారు. నాకు మనసొప్పలేదు. ఒక్కదాన్నే పక్క ఆఫీసుకు వెళ్లాను. దండ వేసిన ఫోటో ముందు అందరూ తలలు వంచుకుని ఉన్నారు. భుజాలు అదురుతున్నాయి.

ఏడుస్తున్నారనుకుని, "తెలీక నవ్వినామన్నా, మన్నించండి" అన్నాను.

ఓనరు తలెత్తాడు. కళ్లనిండా నీళ్లు, పెదాలమీద ఆపుకోలేని నవ్వు.

"మౌనం పాటిద్దామని నిలబడినామమ్మా. మీ నవ్వులు వింటే మాకూ ఆగలేదు. మా నాయన ఉండింటే మాకంటే ముందు ఆయనే నవ్వేవోడు" అన్నాడు.

అయినా మర్నాటి నుంచి మా సారు నవ్వులు మాన్పించి ప్రాణాయామం పెట్టారు. వారం తిరక్కముందే ఆ ఓనరు మా గుమ్మంలో నిలబడి అడిగాడు, "ఏమ్మా, ఈ మధ్య మీరు నవ్వడంలేదే?"