ఉగ్గాని బండి లైసెన్సు

మొరపెట్టినవారి మాట చెవినబెట్టే ప్రభువుకు స్తోత్రం కలుగును గాక.

పందొమ్మిది వందల యాభైల చివర్లో, హిందూపురం బజారులో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే అవ్వ ఒకామె మా సంఘంలో ఉండేది. ఎవరి మీద కోపమొచ్చినా తిట్టేది కాదు. అక్కడికక్కడే కళ్లు మూసుకుని, వాళ్లు వినేలా దేవునితో చెప్పుకునేది. ప్రసంగం సాగదీసినందుకు మా పాస్టరుగారికీ ఒకసారి ఆ ప్రార్థన తగిలింది.

లైసెన్సు లేదని మునిసిపాలిటీవాళ్లు ఆమె తోపుడు బండిని పట్టుకుపోయారు. బండి లేకపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. మునిసిపల్ ఆఫీసుకు నేను తోడు వెళ్లాను. శానిటరీ ఇన్‌స్పెక్టరు తలెత్తకుండానే, ఎప్పటిలాగే, "రేపు రా అవ్వా" అన్నాడు.

"ఎన్ని రేపులు చెప్తావప్పా?" అంటూ అవ్వ చేతులు జోడించి కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ బిడ్డ చెడ్డోడు కాదు. పొద్దున నా బజ్జీలు తిన్నాడు, మధ్యాన్నం నా బండి ఎత్తకొచ్చినాడు. ఆకలైతే నేను గుర్తొస్తా, సంతకమప్పుడు గుర్తురాను. ఈయప్పకు జ్ఞాపకశక్తి ఇయ్యి తండ్రీ!"

గుమాస్తాలు నవ్వు ఆపుకోలేక బయటికి పోయారు.

"చాల్లేవ్వా, ఆమెన్!" అంటూ ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

"యాడ ముగిసిందప్పా? నీ పెండ్లాం బిడ్డల సంగతి ఇంకా ఉండాది" అని, అవ్వ వాళ్లందరినీ పేరుపేరునా దీవించాకే కళ్లు తెరిచింది. అంతసేపూ ఆయన సంతకం చేసిన లైసెన్సు చేతపట్టుకుని, తల వంచుకుని నిలబడే ఉన్నాడు.

బండి పెట్టుకునేందుకు ఇంత చోటడుగుతూ ఈరోజుకీ ఆఫీసుల వాకిళ్లలో నిలబడేవాళ్లున్నారు. వాళ్ల కోసం, సంతకం పెట్టాల్సిన చేతుల కోసం నాతో కలిసి ప్రార్థించండి.